తరవాణి తాగిన ఆల్చిప్పలు

మా చెల్లెలు ప్రమోద ఆల్చిప్పల్ని ఇంటికి తెచ్చిన రోజున మా అమ్మ అడిగిన మొదటి మాట, "పులుసెట్టనా, ఇగురెట్టనా?" అని.

తప్పు ఆవిడది కాదు. తడి గోనెసంచిలో చుట్టిన సరుకు, రిక్షా దిగేటప్పటికే వీధంతా సముద్రపు వాసన. దాన్ని చూస్తే మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఎవరికైనా ముందు పొయ్యే గుర్తొస్తుంది. పైగా మావాళ్ళు భీమిలి వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వచ్చినవాళ్ళు. నీళ్ళలోంచి ఏది పైకొచ్చినా చింతపండు నానబెట్టడం మా ఇంటి ఆచారం. అమ్మ అప్పటికే నానబెట్టేసింది కూడా.

"అమ్మా, ఇవి తినీవి కావే. కాలేజీవి," అంది ప్రమోద.

"కాలేజీవయితే మాత్తరం ఉడకవేటి?" అంది అమ్మ.

నా పేరు కూర్మనాథం. మేముండే మేడ కింద నాకు కిళ్ళీ కొట్టుంది. తమలపాకు, వక్క, సున్నం, అడిగినవాళ్ళకి పొగాకు. ఆల్చిప్ప అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. దాన్ని బట్టీలో కాల్చి నీళ్ళు చల్లితే సున్నమవుతుంది. ఆ సున్నం మీద మా తాత బతికాడు, మా నాన్న బతికాడు, నేనూ బతుకుతున్నాను. అలాంటిది బతికున్న ఆల్చిప్పలకి మేం సేవ చెయ్యాలని చెల్లెలు చెబితే నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. విద్యార్థుల గొడవలు ముదిరాయని ఆ వానాకాలం మొదట్లో యూనివర్సిటీ మూసేశారు. ప్రమోద అక్కడ జంతుశాస్త్రం విభాగంలో ప్రయోగాలు చేయించే ఉద్యోగి. గేటుకి తాళం పడబోతోందని తెలియగానే ఆమె పై టీచరమ్మ లాబ్‌లో తొట్టి ఖాళీ చేయించి, అందులో ఉన్నవాటిని ప్రమోద చేతిలో పెట్టింది. ఆ టీచరమ్మ పేరు డా మ్యా సేన్. బర్మా మాటలో టీచరమ్మని సయామ అంటారు. మా అమ్మ దానికి ఇంకో అమ్మ తగిలించి సయామమ్మ అనేది.

ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గోలెం, నేను స్నానానికి నీళ్ళు పట్టుకునేది, ఆ రోజు నుంచి చిప్పల పాలైంది. దాని నిండా కల్లుప్పు కలిపిన నీళ్ళు. కిటికీ గట్టు మీద వరసగా గాజు సీసాలు, వాటిలో నాచు పట్టిన పచ్చనీళ్ళు. అది వాటి భోజనమట. కరెంటు ఉన్నప్పుడు ఉండేది, లేనప్పుడు ఉండేది కాదు. అందుకని గోలెంలో గాలి ఆడటానికి సైకిల్ పంపు. ఆ పంపు కొట్టేది ఎవరో వేరే చెప్పాలా? కొట్టు కట్టేసి మేడెక్కి, చెమటలు కక్కుతూ ఆల్చిప్పలకి ఊపిరి పోసిన కిళ్ళీవాడు ప్రపంచం మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"అన్నియ్యా, స్లోగా కొట్టు. వాటికి టెన్షన్ వస్తాది," అనేది ప్రమోద.

"నాకొచ్చీసినాది ముందే!" అనేవాణ్ణి.

సయామ నాకు పాత ఖాతాదారే. మనిషి పొట్టి, గొంతు పెద్ద. కొట్టు ముందు నిలబడి ఎప్పుడూ ఒకటే మాట, "సున్నం ఎక్కువ, కో కూర్మా." కో అంటే వాళ్ళలో అన్న. అంత సున్నం తింటే నోరు పొక్కుతుందని చెప్పినా వినేది కాదు. చిప్పలు మా ఇంటికొచ్చాక ఆవిడా రావడం మొదలుపెట్టింది. వచ్చీరాగానే గోలెంలో మోచేతిదాకా చెయ్యి పెట్టేది. కాస్త నోరు తెరుచుకుని ఉన్న చిప్పలన్నీ టక్కు టక్కుమని మూసుకునేవి. "బతికే ఉన్నాయి," అని చెయ్యి చీరకి, అంటే వాళ్ళ లుంగీకి, తుడుచుకుని చాప మీద కూర్చునేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఇంత సేవ దేనికని. ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తే. ఆల్చిప్పకి కాళ్ళు లేవు, పారిపోలేదు. పుట్టి అతుక్కున్న చోటనే ఎండా, వరదనీరూ, రోగం అన్నీ భరించాలి. నీళ్ళు నచ్చకపోతే తలుపేసుకుని కొన్నాళ్ళు బిగబట్టుకుంటుంది. కాని తిండి కోసం ఎప్పుడో ఒకప్పుడు తెరవక తప్పదు. తెరిస్తే నీళ్ళతోపాటు రోగమూ లోపలికొస్తుంది. అప్పుడు దాని రక్తంలో ఉండే కణాలు ఆ క్రిముల్ని చుట్టుముట్టి మింగేస్తాయి. అక్కడిదాకా అందరికీ తెలిసిందే. మనకి ఒకసారి అమ్మవారు పోస్తే మళ్ళీ పోయదు, ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. ఆల్చిప్పకి ఆ గుర్తు లేదని పుస్తకాల్లో రాశారు. సయామకి ఆ మాట మీద నమ్మకం లేదు. ఒకసారి జబ్బుపడి బతికిన చిప్ప రెండోసారి మెరుగ్గా తట్టుకుంటుందని ఆవిడ అనుమానం. అది తేల్చుకుందామనుకుంటే గేటుకి తాళం పడింది.

"గుర్తుపెట్టుకోవాలంటే తలకాయుండాలి కదా సయామా?" అన్నాను.

"తలకాయలున్నవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకుంటున్నారా, కో కూర్మా?" అని పకపకా నవ్వింది. సర్కారు వార్తలు చదువుతున్న రేడియో వైపు చూసి మరీ నవ్వింది. నేను లేచి కిటికీ మూశాను. నాకు భయం ఎక్కువ, దాచుకోవడం ఎందుకు.

ఆగస్టులో ఊరు ఊరంతా రోడ్డెక్కింది. రైల్వే స్టేషన్ వైపు నుంచి జనం వస్తుంటే మా మేడ మెట్లు అదిరేవి. సయామ నడిచింది, ప్రమోదా నడిచింది. అమ్మ కిటికీ దగ్గర నిలబడి, కనపడ్డ ప్రతి తలనీ "అదేటి మన గుంట? కాదా?" అని నన్ను చంపుకుతినేది. సెప్టెంబరులో సైన్యం దిగింది. తుపాకులు మోగాయి, వీధులు ఖాళీ అయ్యాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సయామ వచ్చి, మామూలుగానే గోలెంలో చెయ్యి పెట్టి, టక్కు టక్కు విని, ప్రమోదతో అంది: "నేనొచ్చేదాకా వీటిని బతికించు. కాగితం మీద ఏమీ రాయకు."

కొట్టు దగ్గర ఆగి సున్నం ఎక్కువ వేయించుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా ఆవిడని పట్టుకెళ్ళారు.

ప్రమోద ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ గోలెం చుట్టూనే తిరిగేది. ఉప్పు కలపడం, పచ్చనీళ్ళు పోయడం, పంపు కొట్టడం. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

"ఇంతగా ఏటి పెట్టుకున్నావే దీని మీద?" అని అడిగాను ఒకసారి.

"సయామ తిరిగొస్తాది అన్నియ్యా. వచ్చి అందులో సెయ్యెట్టినప్పుడు ఇవి టక్కుమనాలి. అంతే. ఇంకేటీ అక్కర్లేదు నాకు."

అదీ సంగతి. ఉద్యోగం పోయింది, ప్రయోగాలు పోయాయి, ఆవిడ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో చెప్పేవాడు లేడు. మా చెల్లెలికి మిగిలింది ఆ టక్కు ఒక్కటే. అది తెలిశాక మళ్ళీ పంపు నేనే అందుకున్నాను, గొణగకుండా.

ఇక మా అమ్మ చేసిన పని చెప్పాలి. అమ్మ పేరు రాజ్యం. పేరుకి తగ్గట్టే వంటింట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. ఆ రాజ్యానికి సింహాసనం తరవాణి కుండ. తరవాణి అంటే తెలుసు కదా, బియ్యం కడిగిన నీళ్ళూ అన్నం వార్చిన గంజీ రోజూ పోస్తూ పులియబెట్టే నీళ్ళు. మా నాయనమ్మ చేతి నుంచి వచ్చిన కుండ అది. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టకుండా అమ్మ మెతుకు ముట్టేది కాదు. జ్వరం తగ్గితే తరవాణి, నీరసమైతే తరవాణి, పరీక్ష తప్పినా తరవాణే. ఒక గ్లాసు తాగితే రోగం గుమ్మం తొక్కదని ఆవిడ నమ్మకం. నేనూ నమ్ముతాను, తాగి పెరిగినవాణ్ణి.

సయామ సంగతి వాళ్ళ అక్కగారికేమైనా తెలిసిందేమో కనుక్కుందామని ప్రమోద ఒకరోజు ఊరికి ఉత్తరాన ఉన్న మింగళాడోన్ వెళ్ళింది. తిరుగు బస్సు దొరకలేదు, కర్ఫ్యూ వేళైపోయింది, అక్కడే ఉండిపోయింది. గోలెం బాధ్యత అమ్మ మీద పడింది. అమ్మ వెళ్ళి చూసింది కదా, చిప్పలన్నీ కొంచెం కొంచెం నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అవి హాయిగా ఉన్నప్పుడే అలా తెరుచుకుంటాయని ఆవిడకి తెలియదు. ఆకలికి నోళ్ళు వెళ్ళబెట్టాయనుకుంది. ఆ పచ్చనీళ్ళంటే ఆవిడకి మొదట్నుంచీ రోత. ఇంటికొచ్చిన ప్రాణికి నాచు పెట్టి ఊరుకుంటామా? పెద్ద చెంబు నిండా తరవాణి ముంచి, "తాగండమ్మా, తాగి బతకండి," అని గోలెంలో పోసింది. సరిపోదేమోనని మళ్ళీ ఒక చెంబు.

మర్నాడు ప్రమోద వచ్చేసరికి నీళ్ళు తెల్లగా, పైన నురగ, గది నిండా కుళ్ళు వాసన. సగానికి పైగా చిప్పలు నోళ్ళు బార్లా తెరిచేశాయి. అవి తాకినా మూసుకోలేదు.

"ఏటి సేసినావమ్మా? ఏటి పోసినావు ఇందల?" అని అరిచింది ప్రమోద. మా ఇంట్లో అంత గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నా పిల్లలకి పోసినదే పోసినాను," అంది అమ్మ.

"సంపీసినావు! సయామకి ఏటని సెప్పాల నాను?"

ప్రమోద బతికున్నవాటిని ఏరి, కడిగి, కొత్త ఉప్పునీళ్ళలో వేసింది. అవి కొన్ని రోజులు తెరవా లేదు, తినా లేదు. ఒకటీ అరా ఇంకా పోయాయి. మిగిలినవి మెల్లిగా కోలుకున్నాయి. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే తరవాణి కుండ కడిగి, బోర్లించి, అటకెక్కించింది. శుక్రవారం వచ్చింది. పసుపు లేదు, బొట్టు లేదు.

తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. "ఉప్పందుకోమని దానికి సెప్పు," అని ఈవిడ, "అన్నం నేదని అమ్మకి సెప్పు," అని అది. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. రోజూ అడకత్తెర పట్టేవాణ్ణి, పోకచెక్క బాధ ఏమిటో నాకప్పుడే తెలిసింది.

పోయిన చిప్పల్ని నేను వృథా పోనివ్వలేదు. కాల్చి సున్నం చేశాను. దారులు మూసేసి కొత్త సున్నం రాని రోజులవి. మా వీధి మొగలో కాపలా ఉన్న సిపాయిలు కిళ్ళీకి వస్తే వాళ్ళకి ఆ సున్నమే ధారాళంగా రాశాను. ఒకడు నోరు పొక్కిందని మర్నాడొచ్చి తిట్టాడు. తలొంచుకుని తిట్లు తిన్నాను. వాడు వెళ్ళాక మాత్రం మేడెక్కి, పంపు కొడుతూ, చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

తర్వాతి రోజులు ఒకదానిలాగే ఒకటి ఉండేవి. యూనివర్సిటీ తెరవలేదు. బయటి దేశాల పత్రికలు రావు. వచ్చిన ఉత్తరం ఎవరో చదివాకే వస్తుంది. ప్రమోద కొట్లో కూర్చుని ఆకులు తుడవడం మొదలుపెట్టింది. ఆ మధ్యలో, ఉప్పు లారీ నడిపే బాబ్జీ అని మావాడొకడు మోన్ తీరం నుంచి వస్తూ ఒక బుట్టెడు కొత్త ఆల్చిప్పలు తెచ్చిచ్చాడు. తగ్గిన లెక్క భర్తీ చేద్దామని ప్రమోద ఆశ. పాతవి కలిసిపోకుండా వాటి పెంకు మీద ఎర్రటి గోళ్ళరంగుతో చుక్క పెట్టి, రెండింటినీ ఒకే గోలెంలో ఉంచింది.

"బొట్టెట్టినావా? పెళ్ళేటి వాటికి?" అన్నాను. ప్రమోద నవ్వలేదుగాని వంటింట్లో అమ్మ నవ్విన చప్పుడు వినిపించింది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో బర్మావాళ్ళ కొత్త సంవత్సరం, నీళ్ళు చల్లుకునే నీళ్ళ పండగ, వచ్చింది గాని పంపుల్లో నీళ్ళే రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు లేదు. ఉప్పు ఉంది, కలపడానికి నీళ్ళు లేవు. తాగేందుకు పట్టుకున్న బిందె అమ్మ తీసుకెళ్ళి గోలెం పక్కన పెట్టింది, మాట్లాడకుండానే. అదీ చాల్లేదు. గోలెంలో నీళ్ళు వెచ్చబడి తెల్లబడ్డాయి. అదే నురగ, అదే వాసన. తరవాణి పోయకుండానే తరవాణి నాటి పరిస్థితి వచ్చేసింది.

బాబ్జీ తెచ్చిన కొత్తవి ముందు పోయాయి. ఒకటి నోరు తెరిచింది, రెండు, ఆ పైన పదులు. ప్రమోద ముఖం చూడలేక నేను కొట్లోకి దిగిపోయాను. మధ్యాహ్నం మేడ మీంచి కేక వినిపించింది. అంతా అయిపోయిందనుకుని మెట్లన్నీ రెండంగల్లో ఎక్కాను.

ప్రమోద నేల మీద కూర్చుని ఉంది. చేతిలో చెంచా. ముందు పళ్ళెంలో ఎర్రచుక్క చిప్పలు. ఒక్కొక్కదాన్నీ చెంచాతో తడుతోంది. టక్. టక్. టక్. ఒకటి రెండు తప్ప అన్నీ గట్టిగా మూసుకుంటున్నాయి. చుక్క లేనివాటిలో బతికినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని లేవు.

"ఒకే నీళ్ళు అన్నియ్యా. ఒకే తిండి. తేడా ఒకటే," అంది. చెంచాతో ఎర్రచుక్క చూపించింది.

లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. పీట వేసుకుని అటక మీంచి తరవాణి కుండ తనే దింపింది. దుమ్ము తుడిచి, పసుపు రాసింది. అమ్మ అలాగే నిలబడి చూస్తోంది.

"మల్లీ పెట్టే అమ్మా."

"ఎందుకు? ఉన్నవి కూడా సంపనానికా?"

"నీ తరవాణి తాగి బతికినవే ఇయాళ బతికినాయే," అని ప్రమోద అమ్మని పట్టుకుని అప్పుడు ఏడ్చింది. సయామ వెళ్ళిన నాటి నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడే ఏడ్చింది. అమ్మ పసుపు చేత్తోనే దాని వీపు నిమిరింది. జాకెట్టు పాడైందని తర్వాత ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. మా ఇల్లు మళ్ళీ మామూలైంది.

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. కూరగాయలమ్మి నుంచి గుడి పూజారి దాకా అందరికీ చెప్పేసింది, తన తరవాణి ముందు ఆసుపత్రి మందులు దిగదుడుపని. ప్రమోద బాధ వేరు. తను చూసినది అర్థమయ్యే మనిషి ఒక్కరే, ఆ ఒక్కరూ గోడల వెనక ఉన్నారు. "సయామకి సెప్పాలి అన్నియ్యా," అనేది ఆకు తుడుస్తూ తుడుస్తూ. కాగితం మీద పెట్టకూడదు. అందుకని మరిచిపోకుండా రోజూ నాకే చెప్పేది. వినీ వినీ నేను కూడా ఆల్చిప్పల రక్తం మీద ఉపన్యాసం ఇవ్వగలిగేవాణ్ణి.

ఇంకో వానాకాలం వెళ్ళింది. చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం కొట్టు ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. ఎముకలకి బట్ట చుట్టినట్టుంది. జుట్టు కత్తిరించి ఉంది. ఎవరో ముసలావిడ అనుకుని ఆకు తీసి, "పొగాకు వెయ్యనా?" అన్నాను బర్మాలో.

"సున్నం ఎక్కువ, కో కూర్మా."

ఆ గొంతు మాత్రం తగ్గలేదు. ఆకు నా చేతిలోంచి జారిపోయింది. "ప్రమోదా!" అని నేను పెట్టిన కేకకి వీధి మొగలో సిపాయి కూడా తిరిగి చూశాడు.

సయామ మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ప్రమోద పట్టుకోబోతే వద్దంది. మేడ మీదికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోలెం దగ్గరికి నడిచి, చెయ్యి లోపల పెట్టింది. ఆ చెయ్యి ఇదివరకటి చెయ్యి కాదు.

టక్కు టక్కుమన్నాయి.

ఆవిడ చెయ్యి తియ్యకుండా అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. ప్రమోద నా భుజం గట్టిగా పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నా నేను కదల్లేదు.

తర్వాత చాప మీద కూర్చోబెట్టి ప్రమోద అంతా చెప్పింది. తరవాణి, చచ్చినవి, మిగిలినవి, ఎర్రచుక్కలు, నీళ్ళ పండగ, చెంచా. ఒక్క ముక్క వదల్లేదు. సయామ నోట్లో కిళ్ళీ నములుతూ, పరీక్ష పేపరు దిద్దే టీచరులా విన్నది. విని తల అడ్డంగా ఊపింది.

"బాగుంది. కాని ఇది రుజువు కాదు."

ప్రమోద మొహం వాడిపోయింది.

"మొదటిసారి బతికినవి పుట్టుకతోనే గట్టివేమో. మెత్తవన్నీ అప్పుడే పోయాయి. రెండోసారి గట్టివే మిగిలాయి. జబ్బు వాటికి నేర్పిందో, నేర్పలేదో, ఎలా చెబుతావు? మళ్ళీ చెయ్యాలి. ఈసారి సగానికి కొద్దిగా తరవాణి, సగానికి ఉత్తనీళ్ళు. చచ్చేంత పొయ్యకూడదు," అంది. అని మా అమ్మ వైపు తిరిగి, బర్మావాళ్ళు అమ్మని పిలిచినట్టు, "అమే, రెండు చెంబులు మరీ ఎక్కువ," అని నవ్వింది. ఎంతైనా సయామ సయామే. ప్రమోద కూడా నవ్వేసింది. మళ్ళీ చెయ్యాలి అన్న మాట దానికి ఉద్యోగం తిరిగొచ్చినట్టుంది.

అమ్మకి ఆ శాస్త్రం అక్కర్లేదు. అంతసేపూ ఆవిడ చూస్తున్నది సయామ మణికట్టుల్ని. వంటింట్లోకి వెళ్ళి పెద్ద గిన్నె నిండా తరవాణి తెచ్చింది. ఉప్పేసి, ఉల్లిపాయ చిదిపి వేసింది.

"తాగు సయామమ్మా. తాగీసి బతుకు."

సయామ ఆ గిన్నె వైపు చూసింది, గోలెం వైపు చూసింది. కిళ్ళీ ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి, రెండు చేతులతో గిన్నె ఎత్తి గటగటా తాగింది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. మళ్ళీ తాగింది.

ఆ మనిషిని అలా చూస్తే నాకేదో అయింది. ఏడుపొచ్చినప్పుడు నాకు వేళాకోళం వస్తుంది, అది నా రోగం. "మరి మీ సంగతేమిటి సయామా?" అన్నాను. "మీరు పుట్టుకతో గట్టివారా, లోపలికెళ్ళొచ్చాక గట్టిపడ్డారా?"

ఆవిడ మూతి తుడుచుకుని కాసేపు నిజంగానే ఆలోచించింది.

"అది తేలాలంటే నన్ను ఇంకోసారి పట్టుకెళ్ళాలి, కో కూర్మా," అంది.

ఎవరం నవ్వలేదు. ఆవిడొక్కతే నవ్వింది. కింద వీధిలో లారీ ఏదో ఆగిన చప్పుడైంది. అది వెళ్ళిపోయేదాకా నలుగురం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

"సీ, సీ! అలాటి మాటలేటి నోటమ్మట," అంది అమ్మ, లారీ మలుపు తిరిగాక. గిన్నె లాక్కుని, వంటింట్లోకి వెళ్ళి, మళ్ళీ నిండా ముంచి తెచ్చింది.